లేనివాళ్ళు

కాట్రేనికోన దాటాక, పంట కాలవ గట్టు మీద
రెండు గదుల ఉపకేంద్రం.
ఊగుతున్న బల్ల కాలి కింద మందుల డబ్బా అట్టముక్క దోపి
ల్యాప్‌టాప్ తెరిచాను.
కరెంటు లేదు. బ్యాటరీ నలభై శాతం.
కప్పలు మాత్రం ఫుల్ చార్జింగులో ఉన్నాయి.

ఆరు వందల పన్నెండు మంది పేర్లు,
రాత్రి ఎనిమిదిన్నర దాటాక
వేలి కొసన సూది గుచ్చి తీసిన చుక్కలు.
బోదకాలు పురుగుకి పగలంటే సిగ్గు.
ఊరు నిద్రకి ఒరిగాకే
లోలోపలి నెత్తురు వదిలి పైపైకి ఈదుకొస్తుంది.
దాని వేళకి మనం వెళ్ళాలి గాని
మన డ్యూటీ వేళకి అది రాదు.

సగటెంత అని అడిగాను.
ఆర్ ప్యాకేజీ 'ఎన్ఏ' అంది.
మళ్ళీ అడిగాను. ఎన్ఏ.
పదిహేనేళ్ళుగా ఎరుగుదును దీని మొండితనం.
ఆరు వందల మందిలో ఒక్కడి సంగతి తెలియకపోయినా
మొత్తం ఊరి గురించి నోరు విప్పదు.
పంక్తిలో ఒక్క విస్తరి ముందు మనిషి లేకపోతే
వడ్డన మొదలెట్టనివ్వని ముసలమ్మ లాంటిది.

కాకినాడలో పిల్లలకి మొదటి వారంలోనే నేర్పే మాట
బ్రాకెట్టు మూసే ముందు నేనూ కొట్టాను:
ఎన్ఏ డాట్ ఆర్ఎమ్ ఈక్వల్స్ ట్రూ.
తెలుగులో చెప్పాలంటే
లేనివాళ్ళని తీసెయ్. నిజం.

వెంటనే పలికింది.
సున్నా పాయింట్ ఏడు శాతం.
ఒకటికి లోపు. జిల్లా ఆఫీసులో టీ తెప్పించే అంకె.

"విక్టోరియా గారూ, నలభై ఒక్క గడులు ఖాళీ.
వీళ్ళు ఊళ్ళో లేరా?"
మోకా విక్టోరియా స్లైడ్ల పెట్టె తుడుస్తూ
తలెత్తకుండానే అంది:
"లేకేవండి, చెరువుల మీదున్నారు.
రొయ్యలకి రాత్రి కాపలా కదండీ.
పొద్దున్నొచ్చి పడుకుంటారు,
మనం ఎల్లేతలికి మళ్ళీ ఎల్లిపోతారండి."

అంతే అంది. లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది.

దోమలు ఎక్కడ కాపురమున్నాయో
అక్కడ తెల్లవార్లూ కూర్చునేవాళ్ళే
నా లెక్కలో లేరు.
ప్యాకేజీ అబద్ధమాడలేదు.
అది చెప్పనంది.
చెప్పించింది నేను.

మర్నాడు రాత్రి గట్ల మీద నడిచాం.
ఏరేటర్ల చక్రాలు నీళ్ళని చెంపలు వాయిస్తున్నాయి.
మేత సంచులు విప్పి కుట్టిన తెరలు, వెదురు మంచెలు,
కొబ్బరి డొక్కల పొగ, ఆ పొగలోనూ దోమలు.
సంగాడి ధనకోటి వేలు చాపి నవ్వాడు:
"రొయ్యకి వారానికోపాలి టెస్టు చేయిస్తారండి మా షావుకారు.
నాకిదే ఫస్టు."
ఆ మాట పెట్టడానికి
నా పట్టికలో నిలువు వరస లేదు.

నలభై స్లైడ్లు. జీమ్సా రంగు ఆరాక
తొమ్మిదింటిలో కనబడ్డాయి,
ఎవరో తొందరలో పెట్టిన సంతకాల్లా మెలికలు తిరిగి.

సగటు అడిగాను.
ఎన్ఏ.

ఇంకా ఒకడున్నాడు. పెసింగి నాగూరు.
పాయ అవతలి చెరువు. ఆ రాత్రి నావ దొరకలేదు.
విక్టోరియా రేవులో నిలబడి పేరెట్టి కేకేసింది.
చక్రాల మోతలో వినబడిందో లేదో,
అవతల ఒక టార్చి వెలిగింది,
రెండుసార్లు ఊగి ఆరిపోయింది.

అదే మాట మళ్ళీ కొట్టాను.
ఈసారి ఎవరిని తీసేస్తున్నానో
పేరు తెలిసి కొట్టాను.
రెండు పాయింట్ ఒకటి.
ఈ అంకెకి టీ రాదు.

నాగూరు గడిలో ఎన్ఏ అలాగే ఉంచి
పక్కన రిమార్కుల గడిలో రాశాను:
ఉన్నాడు.